జీర్ణవస్త్రము

శరీరమును విడుచు ఆత్మను, చినిగిన వస్త్రమును విడిచి క్రొత్త వస్త్రమును ధరించు మానవునితో భగవద్గీత పోల్చినది. ఈ పోలికను మన దేశమున వినని వారరుదు. అయితే ఆ విడిచిన వస్త్రము తరువాత ఏమయ్యెను? వేదాంతికి ఈ ప్రశ్నతో పని లేదు. ఇల్లు దిద్దుకొను గృహిణికి మాత్రము పని కలదు. బీరువాలో స్థలము చాలనప్పుడు, భోగి మంటలో వేయుటకు పాత వస్తువులను వెదకునప్పుడు, పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చు వర్తకురాలి కేక వీధిలో వినబడినప్పుడు ఈ ప్రశ్న ఆమె యెదుట వచ్చి నిలుచును.

పూర్వులు ఈ ప్రశ్నను చిన్నదిగా ఎంచలేదు. బౌద్ధుల వినయపిటకమున ఇందుకు సంబంధించిన కథ యొకటి కలదు. కౌశాంబీ నగరమును ఉదయనుడను రాజు పాలించుచుండెను. అతని అంతఃపుర స్త్రీలు బుద్ధుని శిష్యుడగు ఆనందుని ధర్మోపదేశము విని, సంతోషించి, ఆయనకు ఐదువందల వస్త్రములను దానము చేసిరి. ఈ సంగతి రాజునకు తెలిసినది. సన్న్యాసికి ఇన్ని వస్త్రములెందులకు, ఈయన బట్టల దుకాణమేమైన పెట్టునా యని రాజునకు సందేహము కలిగెను. అతడు ఆనందుని కడకు పోయి, ఆ వస్త్రములనేమి చేయుదురని అడిగెను.

చీవరములు చినిగిన భిక్షువులకు పంచెదమని ఆనందుడు చెప్పెను. మరి వారి పాత చీవరములనేమి చేయుదురని రాజడిగెను. వానిని పక్కదుప్పట్లుగా చేసికొందురు. దుప్పట్లు పాతబడినచో అవి పరుపులకు గలేబులగును. గలేబులు పాతబడినచో నేలమీద పరచుకొందురు. అవియు పాడైనచో కాళ్లు తుడుచుకొను గుడ్డలగును. ఆ పిదప దుమ్ము దులుపు గుడ్డలగును. అవియు చివికిపోయినప్పుడు దంచి, మట్టిలో కలిపి, నేలకు మెత్తుదురు. ఈ సమాధానము విని రాజు సంతోషించి మరి యైదువందల వస్త్రములను ఆనందునకు ఇచ్చెనట.

ఈ కథయందు గమనింపదగిన విషయమొకటి కలదు. ఆనందుడు మొదటనే వస్త్రమును చింపలేదు. కట్టుకొనుటకు బట్ట లేనివానికి బట్టనిచ్చుట ఆయన చెప్పిన మొదటి మెట్టు. కట్టుకొనుటకు పనికిరాని దశ వచ్చిన పిదపనే తక్కిన మెట్లు ప్రారంభమైనవి. ప్రతి మెట్టునందును బట్ట తన బలమునకు తగిన పనిని పొందినది.

మన తెలుగు ఇండ్లలో గూడ ఇట్టి మెట్లు చిరకాలముగా ఉన్నవి. మెత్తబడిన నూలుచీర పసిబిడ్డకు పొత్తిగుడ్డయగును. నాలుగు పాతచీరలను ఒకటిగా చేర్చి కుట్టినచో బొంతయగును. చుట్టగా చుట్టిన పాతపంచె, నీళ్ల బిందె మోయువారి తలమీద చుట్టకుదురగును. మిగిలిన ముక్క పొయ్యిమీది గిన్నెను దింపు మసిగుడ్డయగును. కడపటి పేలిక దీపములో వత్తిగా వెలుగును. వంగదేశమున పాతచీరలను పొరలుగా పేర్చి కుట్టు కాంథాలును, జపాను దేశపు రైతులు అతుకుమీద అతుకు వేసి తరములపాటు వాడుకొన్న బోరో వస్త్రములును ఈ జాతికి చెందినవే. పేదరికము నేర్పిన విద్య ఇది. ఐనను దీనిని నేర్చినవారు చేతిపనియందు పేదలు కారు.

ఈ కాలమున మన ఇండ్లలో విడువబడు బట్టలలో మిక్కిలి దిట్టమైనది జీన్సు పాంటు. దాని పుట్టుపూర్వోత్తరములు వినదగినవి. ఫ్రాన్సు దేశమందలి నీమ్ నగరపు పేరునుండి డెనిమ్ అను పేరును, ఇటలీ దేశమందలి జెనోవా నగరపు పేరునుండి జీన్ అను పేరును వచ్చినవని చెప్పుదురు. ఇట్టి మోటు నీలిగుడ్డకు డంగరీ యను మరియొక పేరు కలదు. అది మన ముంబయిలోని డోంగ్రీ అను చోటి పేరునుండి పుట్టినది. పేరులు మూడైనను వాని ప్రయోజనమొక్కటే: కష్టించి పనిచేయు వాని ఒంటిమీద చినుగక నిలుచుట.

అమెరికా దేశమందలి నెవాడా రాష్ట్రమున రీనో అను ఊరిలో జేకబ్ డేవిస్ అను దర్జీ ఉండెను. 1870 ప్రాంతమున ఒక కూలివాని భార్య అతని కడకు వచ్చి, తన భర్త కొరకు తేలికగా చినుగని పాంటు కుట్టుమని కోరెను. జేబుల మూలలే ముందుగా చినుగుచున్నవని డేవిస్ గుర్తించి, ఆ చోట్ల రాగి మేకులను బిగించెను. ఆ పాంట్లకు మంచి గిరాకీ కలిగెను. పేటెంటు పొందుటకు కావలసిన సొమ్ము లేక, అతడు తనకు గుడ్డ నమ్ముచుండిన శాన్‌ఫ్రాన్సిస్కో వర్తకుడు లీవై స్ట్రాస్‌కు జాబు వ్రాసెను. వారిరువురకును 1873 మే 20వ తేదీన పేటెంటు లభించినది. నేడు లోకమంతట యువకులు వేడుకగా తొడుగుకొను ఈ పాంటు, ఒక ఇల్లాలు సంసారపు ఖర్చును తగ్గించుకొనుటకు చేసిన ఆలోచనవలన పుట్టినదన్నమాట.

ఆ గుడ్డకు అంత బలమెట్లు వచ్చినది? సాధారణ వస్త్రమున పడుగుపోగు ఒక పేకపోగు మీదుగాను, మరియొక పేకపోగు క్రిందుగాను పోవును. డెనిమ్‌నందు పడుగుపోగు రెండు మూడు పేకపోగుల మీదుగా పోయి, ఒకదాని క్రింద దూరును. అందువలననే గుడ్డమీద ఏటవాలు గీతలు కనబడును. పోగులు దగ్గరదగ్గరగా ఇమిడి గుడ్డ దట్టమగును. పడుగు నీలిరంగుది, పేక తెల్లనిది. కావున బయటివైపు నీలముగాను, లోపలివైపు తెల్లగాను ఉండును.

ఆ నీలిరంగు చరిత్రలో కన్నీరు కూడ కలసియున్నది. నీలిమందు నీటిలో కరుగదు. దానిని నీలితొట్టిలో కరుగునట్లు మార్చి నూలును ముంచెదరు. తొట్టినుండి తీసినప్పుడు నూలు పసుపుపచ్చగా ఉండి, గాలి తగిలిన కొలది నీలముగా మారును. రంగు పోగు నడిమికి పోక పైపైననే నిలుచును. అందుచేత ఉతికిన కొలదియు జీన్సు వెలవెలబారును. పూర్వము కడప, నెల్లూరు ప్రాంతములలోను నీలిమొక్కను పండించుచుండిరి. వంగదేశమున నీలి దొరల బలవంతమునకు తాళలేక రైతులు 1859లో తిరుగబడిరి. బీహారులోని చంపారన్ రైతుల కష్టములను విచారించుటకు గాంధీమహాత్ముడు 1917లో అచ్చటికి పోయెను. అంతకు ముందే, 1897లో, జర్మనులు రసాయనశాలలో చేసిన నీలిమందును విపణికి తెచ్చియుండిరి. నేటి జీన్సులకు అద్దునది చాల వరకు అట్టి రంగే.

ఇక నీటి లెక్క. లీవై స్ట్రాస్ సంస్థ 2015లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, ఒక జీన్సు పాంటు ప్రత్తిచేనునుండి వాడుక ముగియు వరకు 3,781 లీటర్ల నీటిని తీసికొనును. అందు 68 శాతము ప్రత్తి సాగుకే పోవును. ప్రత్తిచేలు విరివిగా గల తెలంగాణమున ఈ లెక్కకు అర్థము సులభముగా తెలియగలదు. ఇంత నీరును, ఇందరి చెమటయు త్రాగిన గుడ్డ మోకాలివద్ద చినిగినంతమాత్రమున కుప్పతొట్టిలో పడుట న్యాయమా?

ఈ ప్రశ్నకు మల్కాజ్‌గిరిలోని ఒక వృద్ధురాలు తన చేతులతో సమాధానము చెప్పినది.

మల్కాజ్‌గిరి సికింద్రాబాదునకు ఈశాన్యముననున్నది. నిజామాబాదు మీదుగా మన్మాడునకు పోవు రైలుమార్గముమీద అచ్చట స్టేషను కలదు. ఒకప్పుడు విడిగా నుండిన ఈ పట్టణము 2007లో బృహత్ హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసినది. 2016 అక్టోబరు 11వ తేదీన ఏర్పడిన మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లాకు తన పేరునిచ్చినది. దీనికి దాపుననే లాలాగూడలో 1893లో నెలకొన్న రైల్వే కార్ఖానా ఉన్నది. రైలు కూతను బట్టి వేళ తెలిసికొను కుటుంబములు ఈ ప్రాంతమున తరతరములుగా ఉన్నవి.

ఆనందబాగులో నివసించు ఈ వృద్ధురాలి భర్త ఆ కార్ఖానాలో ఫిట్టరుగా పనిచేసెను. ఆయన పనిలో తొడుగుకొన్నవి దళసరి నీలిగుడ్డ దుస్తులు. అవి నూనెమరకలతో పాతబడినప్పుడెల్ల ఆమె వానిని సోడాపొడితో ఉడికించి, ఉతికి, ముక్కలుగా చేసి, మసిగుడ్డలు కుట్టెడిది. ఆ గుడ్డలతోనే అన్నపుగిన్నె వార్చెడిది. వారి యొక్కగానొక్క కొడుకు చదువు ముగించి 2008లో అమెరికాకు పోయెను. పోవునప్పుడు ఆరు జీన్సు పాంట్లను బీరువాలో విడిచిపోయెను. తరువాత భర్త గతించెను. పాంట్లు మాత్రము మడత నలుగక బీరువాలోనే ఉండెను. ఆమె ఏటేట వానిని ఎండలో వేసి, కలరా ఉండలు పెట్టి, మరల దాచెడిది.

2023లో ఒకనాడు పాతబట్టలకు స్టీలు సామానిచ్చు స్త్రీ వీధిలోకి వచ్చెను. బీరువా తెరచియుండుట చూచి, “అమ్మా! ఆ పాంట్లన్నియు ఇచ్చినచో ఈ గిన్నె నిత్తును. లోతైనది, బరువైనది, చూడుము” అనెను.

వృద్ధురాలు గిన్నెను చేతితో తూచి చూచెను. “ఆరింటికి ఒక గిన్నెయా? ఇవి నా కొడుకు తొడిగిన బట్టలు తల్లీ!” అనెను.

“కొడుకు తొడిగినవైనను, పరులు తొడిగినవైనను నాకు ధర యొక్కటే కదమ్మా!” అని యామె నవ్వుచు మూట కట్టుకొని పోయెను. ఆ మాటలో అసత్యమేమియు లేదు. అందుచేతనే అది ముదుసలి మనస్సులో ముల్లువలె నాటుకొనెను.

ఆ వారముననే మరియొక సంగతి జరిగెను. ప్రక్కవాటాలో ఒక తల్లియు, ఎనిమిదవ తరగతి చదువు ఆమె కూతురును కాపురముండిరి. తల్లి రెండిండ్లలో వంట చేసి జీవించుచుండెను. ఒక ఉదయమున ఆమె తొందరలో మసిగుడ్డ కానరాక, చున్నీ కొంగుతోనే కాగిన పాలగిన్నెను దింపబోయెను. పలుచని ఆ గుడ్డగుండా వేడి చురుక్కుమని తగిలెను. గిన్నె జారి మణికట్టుమీద పాలు పడెను. పది దినములు ఆమె పనికి పోలేదు. ఆ పది దినముల జీతము రాలేదు. పిల్ల పుస్తకముల కొరకు దాచిన సొమ్ము మందులకు పోయెను.

వృద్ధురాలు ఆమెను చూచి వచ్చి, వంటయింటి కొయ్యకు వ్రేలాడుచున్న తన మసిగుడ్డను చాలసేపు చూచెను. అది భర్త నీలిచొక్కాతో కుట్టిన కడపటి గుడ్డ. అంచులు చివికిపోయినవి, నడుమ మాత్రము ఇంకను గట్టిగా నున్నది. ఆ రాత్రి కొడుకు ఫోనులో మాటలాడినప్పుడు ఆమె జంకుచు అడిగెను.

“నాయనా! నీ పాంట్లు ఆరు ఇచ్చటనే ఉన్నవి. వచ్చినప్పుడు తొడుగుకొందువా?”

“అమ్మా! అవి ఇంకను దాచితివా? ఇప్పుడవి నా కాలికైనను పట్టవు.”

“వానిని కత్తిరింపవలెనన్న చేయి రాకున్నది.”

కొడుకు కొంచెముసేపు ఊరకుండెను. పిమ్మట, “నాన్నగారి బట్టలను కత్తిరించుటకు నీకు చేయి వచ్చినది కదమ్మా! నాన్నగారి చొక్కా పొయ్యిదగ్గర నీ చేతిని కాచినది. నా బట్టకు మాత్రము ఆ భాగ్యమెందుకు లేదు?” అనెను.

మరునాడు ఆమె కుట్టుమిషనుమీది గుడ్డను తీసి, దుమ్ము తుడిచి, నూనె వేసెను. యంత్రములను అంతగా మెచ్చని గాంధీమహాత్ముడు గూడ 1924లో ఒక సంభాషణలో కుట్టుమిషనును మాత్రము మినహాయించి, దానిని ఉపయోగకరమైన కొలది వస్తువులలో చేర్చెను. మనుష్యుని పనిని దోచుకొనక, మనుష్యుని చేతికి సాయపడు యంత్రమది.

ముందుగా ఆరు పాంట్లను పరచి చూచెను. రెండు ఎచ్చటను చినుగలేదు. వానిని ఉతికి, ఇస్త్రీ చేసి, తొడుగుకొను వారి కొరకు వేరుగా ఉంచెను. తక్కిన నాలుగింటిలో మోకాళ్లు పలుచబడినవి, అంచులు అరిగినవి. వానినే కత్తెర క్రిందికి తెచ్చెను. ఆనందుని కథ ఆమె వినియుండకపోవచ్చును. ఐనను ఆమె కత్తెర ఆ మెట్ల వరుసను తప్పలేదు.

ప్రక్కింటి బాలిక బడినుండి వచ్చి, “అమ్మమ్మా! ఇంత గట్టిగుడ్డ మిషనులో దూరునా?” అని అడిగెను. “దూరును గాని, దానికి మర్యాద తెలియవలెను” అని వృద్ధురాలు ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుకొనెను. ఆ సాయంత్రములందు బాలిక నేర్చిన విద్య ఇట్టిది.

మొదట గుడ్డను ఉతికి బాగుగా ఆరవేయవలెను. కాళ్ల లోపలి కుట్టువెంట కత్తిరించి గుడ్డను విప్పి పరచవలెను. రాగి మేకులు, గుండీలు, జిప్పు ఉన్న భాగములను వేరు చేయవలెను. ఏలయన, మేకుమీద పడిన సూది విరిగి కంటిలోనికి ఎగురవచ్చును. వేడి గిన్నెకు తగులు లోహపు మేకు చేతిని కాల్చును. పలుచబడిన మోకాలిభాగమును మసిగుడ్డకు వాడరాదు. తొడభాగపు గుడ్డయే శ్రేష్ఠము.

మసిగుడ్డకు 20 సెంటీమీటర్ల చదరపు ముక్కలు రెండు కావలెను. ఆ రెండింటి నడుమ అదే కొలత గల పాత నూలు తువాలు ముక్క నుంచవలెను. మూడు పొరలు కదలకుండ మూలనుండి మూలకు రెండు కుట్లు వేయవలెను. పిమ్మట అంచుచుట్టు పాతచీర పట్టీని మడచి కుట్టవలెను. ఒక మూలను పాంటు నడుముపట్టీ కొక్కెమును చేర్చినచో కొయ్యకు తగిలించుటకు వీలగును. దళసరి గుడ్డకు 16వ నంబరు సూది తగును. కుట్టును కొంచెము పెద్దదిగా పెట్టవలెను. నాలుగు మడతలు కలిసిన చోట గుడ్డను చెక్కమీద ఉంచి సుత్తితో మెల్లగా కొట్టినచో అది అణగును. అచ్చట కాలితో త్రొక్కక, చక్రమును చేతితో త్రిప్పుచు ఒక్కొక్క కుట్టే వేయవలెను.

కాళ్ల ప్రక్కనుండు గట్టి కుట్టుపట్టీలను పారవేయరాదు. వానిని చాపచుట్టగా చుట్టుచు, చుట్టునకు చుట్టును దబ్బనముతో కుట్టినచో, వేడిగిన్నెను నేలమీద ఉంచుటకు మంచి అడుగుపట్ట యగును. నడుమ ఖాళీ విడిచి చుట్టినచో మట్టికుండ ఒరగకుండ నిలుచు చుట్టకుదురగును. వెనుక జేబులు నాలుగింటిని ఒక వెడల్పు పట్టీమీద వరుసగా కుట్టి గోడకు తగిలించినచో గరిటెలు, అట్లకాడ, చెంచాలు వానిలో నిలుచును. కాలిభాగమును క్రింద మూసి కుట్టి, పైన నడుముపట్టీతో పిడి అమర్చినచో కూరగాయల సంచియగును. మన దేశమున ఒకసారి వాడి పారవేయు కొన్ని ప్లాస్టిక్ వస్తువులను 2022 జూలై 1 నుండియు, 120 మైక్రానులకంటె పలుచని ప్లాస్టిక్ సంచులను 2022 డిసెంబరు 31 నుండియు నిషేధించిరి. అంగడికి పోవువానికి చేతిలో గుడ్డసంచి ఉండుట చట్టమునకును, పుడమికిని మేలు.

బాలిక ఒకనాడు, “అమ్మమ్మా! ఈ గుడ్డకు వేడిని ఆపు శక్తి ఎచ్చటనుండి వచ్చినది?” అని అడిగెను. వృద్ధురాలు, “అది మీ పంతులుగారిని అడిగి నాకును చెప్పుము. తడిగుడ్డతో గిన్నె పట్టరాదని మాత్రము నాకు తెలియును” అనెను. పిల్ల మరునాడు సమాధానముతో వచ్చెను. పోగుల నడుమను, పొరల నడుమను గాలి చిక్కుకొనియుండును. గాలి ఉష్ణమును చాల నెమ్మదిగా ప్రసరింపజేయును. గుడ్డ తడిసినచో గాలి ఉన్న చోట నీరు చేరును. నీరు గాలికంటె 20 రెట్లకు మించి ఉష్ణమును ప్రసరింపజేయును. అంతేకాక, ఆ తడి ఆవిరియై చేతిని కాల్చును. ముదుసలి అనుభవమును, పిల్ల చదువును ఆ నాడు ఒకదానినొకటి గుర్తుపట్టినవి.

మరియొక జాగ్రత్త కూడ కలదు. నేటి జీన్సులలో పెక్కింటియందు సాగెడి పోగులును, పాలియెస్టరును కలియుచున్నవి. అట్టి గుడ్డ అధికమైన వేడికి కరగి చేతికి అంటుకొనవచ్చును. పాంటు లోపలి చీటీని చూచినచో ఏ పోగులెంత శాతమో తెలియును. చీటీ లేనిచో, పెద్దల సమక్షమున నాలుగు పోగులను చిమటాతో పట్టుకొని కాల్చి చూడవలెను. నూలు కాగితమువలె కాలి మెత్తని బూడిదయగును. పాలియెస్టరు ముడుచుకొని గట్టి పూసయగును. పూస కట్టిన గుడ్డను సంచికిని, గోడజేబులకును వాడవలెనే గాని మసిగుడ్డకు వాడరాదు. నూలుగుడ్డయైనను మంటకు తగిలినచో అంటుకొనును గనుక, మసిగుడ్డను పొయ్యిమీద వ్రేలాడగట్టరాదు.

మొదటి జత మసిగుడ్డలను వృద్ధురాలు బాలిక తల్లికిచ్చెను. మణికట్టుమీది మచ్చ ఇంకను ఎఱ్ఱగనే ఉండెను. ఆమె వానిని తీసికొని తాను వంట చేయు ఇండ్లకు పోయెను. అచ్చటి గృహిణులు చూచి, తమ ఇండ్లలోని పాత జీన్సులనిచ్చి, తమకును కుట్టుమనిరి. వృద్ధురాలు, “గుడ్డ వారిదే కదా! కూలి యెందులకు? కాలక్షేపముగా కుట్టి యిత్తును” అనెను.

బాలిక తల్లి అందులకు ఒప్పుకొనలేదు. “అమ్మా! తప్పుగా తలపకుము. పాతగుడ్డకు వెల లేదనుట సరియే. చేతిపనికి గూడ వెల లేదనుట సరికాదు. నీవు ఉచితముగా కుట్టినచో, రేపు నావంటిది కూలి అడిగినప్పుడు ‘పాతగుడ్డకు కూలియా?’ అందురు. నీకు సొమ్ము అక్కర లేకపోవచ్చును. నాకు అక్కర కలదు” అనెను.

వృద్ధురాలికి ఈ మాట క్రొత్తగా తోచెను. తన యింటికొరకు జీవితమంతయు కుట్టినది గాని, తన కుట్టునకు వెల కట్టవచ్చునని ఆమె యెన్నడును ఎంచలేదు. ఆలోచించిన కొలదియు ఆ మాట న్యాయముగా కనబడెను. నాటినుండి ఆమె కత్తిరించి చూపుచుండగా, బాలిక తల్లి వంటపని ముగించి వచ్చి మధ్యాహ్నములందు కుట్టుచుండెను. కూలిసొమ్ము కుట్టిన చేతికే చేరెను. అది పెద్ద సంపాదన కాదు. కాని పది దినములు మంచమున పడినచో కాగితములు, కలములు కొనుటకు అప్పు చేయనక్కరలేనంతటి ఆధారము.

కొడుకు పాంటునుండి కుట్టిన సంచి యొకటి బాలికకు లభించెను. మొదటినాడు దానిని చేతబట్టి అంగడికి పోవుటకు ఆమె సిగ్గుపడెను. తోటివారు అతుకుల సంచియని నవ్వుదురేమోయని జంకెను. అతుకు దాచుకొనవలసిన లోపమని మనము తలచుటచేత ఇట్టి సిగ్గు కలుగును. చినిగినదానిని చినిగినట్లు విడుచుట సోమరితనము గాని, అతుకుట లోపము కాదు. సంచిలో మూడు కిలోల ఉల్లిగడ్డలు, రెండు కిలోల ఆలుగడ్డలు పోసినను పిడి తెగలేదు. ప్రక్కవారి ప్లాస్టిక్ సంచి నడివీధిలో పిగిలి టమాటలు దొర్లిపోయెను. తరువాత బాలికకు ఆ సిగ్గు కలుగలేదు.

బాలబాలికలారా! పాతదానిని వాడుకొనుట యనగా చిందరవందరగా సమస్తమును ఇంట కూడబెట్టుట కాదు. అట్లు చేసినచో ఇల్లు గిడ్డంగియగును. ప్రతి వస్తువును ఎత్తి చూచి, ఇది తన మొదటి పనికి ఇంకను పనికివచ్చునా యని అడుగవలెను. వచ్చునేని బాగుచేసి వాడుకొనవలెను, లేదా లేనివారికి ఈయవలెను. చినిగినదానిని దానమను పేరుతో పేదలకు తోయుట దానము కాదు. మొదటి పనికి రానిచో రెండవ పని వెదకవలెను. రెండవదియు తీరినచో మూడవది. ఒక మసిగుడ్డ లోకములోని చెత్తనంతటిని తగ్గింపజాలదు. క్రొత్తబట్టను అక్కరకు మించి కొనకుండుట దానికంటె పెద్ద మేలు. కాని కత్తెర పట్టి, కుట్టు వేసి, ఒక గుడ్డకు రెండవ పని కల్పించిన వానికి, క్రొత్తబట్ట కొనునప్పుడు దానిలోని నీరును, నీలియు, చెమటయు కనబడును. ఆ చూపే ఈ చేతిపని యిచ్చు చదువు.

ఈ సెలవులలో మీ యింటి పెద్దలనడిగి, తొడుగుటకు పనికిరాని ఒక దిట్టమైన నూలుబట్టను తీసికొనుడు. సూది చేతికి గ్రుచ్చుకొనవచ్చును, మొదటి కుట్టు వంకరపోవచ్చును. ఐనను విడువక ఒక మసిగుడ్డను పూర్తిచేసి, దినదినము మీ కొరకు పొయ్యియొద్ద నిలుచు వారి చేతికిండు.